కొలవని గళ్ళు

తెలుగు పండితులకు 'ఇంటర్పొలేషన్' అనే ఆంగ్లపదం దాదాపుగా ఒక నేరం పేరు. ప్రక్షిప్తం అన్నమాట. కవి రాయని పద్యాన్ని కవి రాసినట్టే కావ్యం నడుమ ఎవరో చొప్పించడం. మాకు పాఠపరిష్కరణ పద్ధతులు చెప్పిన గురువుగారు ఆ మాట పలికేటప్పుడల్లా ముఖం చిట్లించేవారు. కనుక, పూణేలో మోటారు వాహనాల ఇంజన్ల మీద పనిచేసే మా అబ్బాయి సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఫోనులో ఎవరితోనో "మధ్య గళ్ళు ఇంటర్పొలేట్ చేశాం, అంచులు ఎక్స్‌ట్రాపొలేట్ చేసి నింపేశాం" అని ఏ సంకోచమూ లేకుండా చెబుతూ ఉంటే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఏమిట్రా నింపింది?" అన్నాను.

"పట్టిక నాన్నగారూ."

"ఉన్నవాటితో నింపావా, లేనివాటితో నింపావా?"

వాడు నవ్వి, లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. ఆ సాయంత్రం మొదలైన సంభాషణ మా ఇద్దరి మధ్య అడపాదడపా ఇప్పటికీ నడుస్తూనే ఉన్నది. నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. సాంకేతిక విద్య చదివిన మిత్రులు ఈ పుటలు చదువుతూ ఉంటారని తెలుసు. వారికి ఇది చేటపెయ్య వంటి వివరణగా తోస్తే మన్నించగలరు.

ఈనాటి కారులో ఇంజన్‌ను నడిపేది ఒక చిన్న కంప్యూటరు. ఈ క్షణంలో ఎంత పెట్రోలు చిమ్మాలి, నిప్పురవ్వను ఎప్పుడు రగిలించాలి అన్నవి దాని ముందు నిత్యం ఉండే ప్రశ్నలు. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో నూరో వంతు. అంత వ్యవధిలో భౌతికశాస్త్ర సూత్రాలన్నీ మొదటినుంచీ సాధించి జవాబు చెప్పే తీరిక దానికి లేదు. అందుచేత మనం ఎక్కాలు వల్లించినట్టు అది కూడా ముందే రాసి పెట్టిన జవాబును చూసుకుంటుంది. పదమూడేడుల ఎంత అని అడిగితే మనం పదమూడును ఏడుసార్లు కూడం కదా! తొంభై ఒకటి అనేస్తాం. కారు లోపలి కంప్యూటరుదీ అదే పద్ధతి. అడ్డంగా ఇంజన్ వేగం, నిలువుగా ఇంజన్ మీద పడుతున్న భారం. రెండూ కలిసే గడిలో ఒక అంకె. దీనిని వాళ్ళు 'లుకప్ టేబుల్' అంటారు. చూచుకొను పట్టిక.

మా వాడు చూపిన పట్టికలో 16 అడ్డవరుసలు, 16 నిలువువరుసలు. మొత్తం 256 గళ్ళు. వేగం 2000 దగ్గర ఒక గడిలో 62, పక్కన 2500 దగ్గర 68 ఉన్నవనుకుందాం. ఇంజన్ 2250 చుట్ల వేగంతో తిరుగుతూ ఉంటే కంప్యూటరు ఆ రెంటి నడుమ 65 అని తీసుకుంటుంది. ఇది అంతర్వేశనం. మా తరం వారికి ఇది కొత్త కాదు. ఉన్నత పాఠశాలలో లాగరిథమ్ పుస్తకం వెనక్కి ముందుకి తిప్పినవారందరికీ కుడివైపు సన్నగా ఉండే 'మీన్ డిఫరెన్స్' గళ్ళు జ్ఞాపకం ఉండే ఉంటాయి. చేసే పని ఇదే.

అంతర్వేశనంలో భయపడవలసినది తక్కువ. రెండు గుంజల మధ్య బిగించి కట్టిన తాడు ఎక్కడున్నదో చీకటిలోనైనా తడిమి చెప్పవచ్చు. చివరి గుంజ దాటిన తాడు ఎటు పోయిందో చెప్పాలంటేనే చిక్కు. దానినే బహిర్వేశనం అందాం. కొలతలు ఆగిపోయిన చోటునుంచి, అవి వస్తున్న వాలును బట్టి, ముందు ఏముంటుందో ఊహించి రాయడం.

"అన్నీ కొలిచి రాయవచ్చు కదా, ఈ ఊహలెందుకు?" అని అడిగాను. అన్నీ కొలవడానికి వీలు కాదట. మెల్లగా తిరుగుతున్న ఇంజన్ మీద పూర్తి భారం మోపి పరీక్షించబోతే అది దడదడలాడి దెబ్బతింటుంది. అత్యధిక వేగంలో, ఏ భారమూ లేకుండా, స్థిరంగా నిలబెట్టి కొలవడం మరొక తలనొప్పి. పరీక్షశాలలో ఒక్కొక్క గడి దగ్గర ఇంజన్‌ను నిలిపి, వేడి కుదుటపడేదాకా ఆగి, కొలిచి, మరో గడికి పోవాలి. ఆ గది అద్దె గంటల లెక్కన. పట్టిక ఒకటి కాదు, వందలు. అందుచేత కొన్ని గళ్ళు కొలుస్తారు, ఆ కొలతలతో ఒక గణితరూపం తయారు చేస్తారు, తక్కినవి నింపుతారు. కంప్యూటరులో ఖాళీ గడి అనేది ఉండకూడదు. ఏదో ఒక అంకె ఉండి తీరాలి. సమస్యాపూరణంలో ఒక పాదమే ఇస్తారు, మిగిలిన మూడూ అవధాని పూరించక తప్పదు. అయితే అక్కడ ఇచ్చిన పాదమేదో, పూరించిన పాదాలేవో సభలో అందరికీ తెలుసు.

నింపడానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నవి. మాత్‌వర్క్స్ వారి కాలిబ్రేషన్ ఉపకరణాలలో ఒకదాని పేరు 'కేజ్'. కాలిబ్రేషన్ జనరేషన్ అనే రెండు మాటల ముందు అక్షరాలతో కూర్చిన పేరట. నాకు మాత్రం పంజరమే స్ఫురించింది. గళ్ళగళ్ళ పట్టికకు అంతకన్న తగిన పేరు దొరకదు! అందులో పని జరిగే తీరు వినదగినది. నమ్మదగిన గళ్ళేవో ఇంజనీరు ముందుగా ఏరి పెడతాడు. ఆ ఏరిన సముదాయాన్ని 'మాస్క్' అంటారు. ముసుగు అనవచ్చునేమో గాని, ఇది కప్పే ముసుగు కాదు, చూపించే ముసుగు. ఏ గళ్ళ దగ్గర గణితరూపం చెప్పే జోస్యంలో తప్పు ఎక్కువగా ఉండే అవకాశమున్నదో లెక్కగట్టి, వాటిని విడిచి మిగిలినవాటిని తానే ఏరిపెట్టే సదుపాయం కూడా ఉన్నది. ఆ తరువాత ఒక్క మీట. ఏరినవాటి ఆధారంగా తక్కిన గళ్ళన్నీ నిండిపోతాయి.

ఎలా నిండుతాయి? ఏరినది ఒక్క గడే అయితే అదే అంకె అంతటా పరుచుకుంటుంది. మూడు గళ్ళు అయితే వాటిమీదుగా ఒక సమతలం, బల్లపరుపుగా, అంచులదాకా సాగిపోతుంది. చెదురుమదురుగా ఎన్నో ఉంటే, పలుచని లోహపు రేకును ఆ బిందువులన్నిటికీ తగిలేటట్టు వంచితే ఎలా వంగుతుందో ఆ వంపును లెక్కగట్టి నింపుతుంది. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉన్నది. తెరమీద ఆ పట్టికను కొండలోయల బొమ్మగా తిప్పి చూపించాడు.

అప్పుడొకటి గమనించాను. బొమ్మ నడిమి భాగం ఎగుడుదిగుడుగా, చిన్న చిన్న గతుకులతో ఉన్నది. అంచులు మాత్రం పట్టుచీర జారినట్టు నునుపు. "నడుమ ఎందుకురా అలా గతుకులు?" అంటే, "అవి కొలిచినవి నాన్నగారూ, కొలతలో ఎప్పుడూ కాస్త ఒణుకు ఉంటుంది" అన్నాడు. అంటే ఎక్కడ ఏమీ తెలియదో అక్కడే బొమ్మ అందంగా ఉన్నది! పాఠపరిష్కర్తలకు ఈ అనుభవం కొత్తది కాదు. శిథిలమైన తాళపత్రంలో అసలు పద్యం ఎక్కడో ఒకచోట తడబడుతుంది. లేఖకుడి చేయి జారుతుంది, ఒక అక్షరం చెదలకు పోతుంది. తరువాత ఎవరో అతికించిన పద్యంలో యతి చెదరదు, ప్రాస బెసగదు. ఆ నున్నదనం చూసే అనుమానించడం నేర్పారు మాకు.

మా వాడి కార్యాలయంలో దీనిమీదే ఒకసారి పేచీ వచ్చింది. పట్టికలో గాలి ఒత్తిడి బాగా తగ్గిన వైపు గళ్ళన్నీ నింపినవే. మన దేశంలో అటువంటి చోటు లేకపోలేదు. లడఖ్‌లో ఖర్దూంగ్ లా కనుమ ఎత్తు 5359 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరి ఒత్తిడిలో ఇంచుమించు సగం. తూకంలో ఒక పాలు పెట్రోలు సరిగా మండడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. గాలి తరిగినచోట పెట్రోలు ఎంత తగ్గించాలన్నది ఆ మూల గళ్ళు చెప్పాలి. ఆ అంకెలు తక్కువ చెబితే బండి ఎక్కలేక గుంజుకుంటుంది. మరీ తక్కువైతే ఇంజన్ వేడెక్కి చెడుతుంది. ఎక్కువ చెబితే పొగ. 2020 ఏప్రిల్ నుంచి మనకు భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి పరీక్షశాలలోనే కాక, నిజమైన రోడ్డు మీద నడిపి కూడా పొగ కొలవాలన్న నియమం చేరింది. కనుక ఎవరూ పోని గళ్ళు అనుకున్నవాటిలోకి బండ్లు నిజంగానే పోవడం మొదలుపెట్టాయి.

లడఖ్ తీసుకుపోయి కొలుద్దాం అంటాడు మా వాడు. పైవారు "ఉపరితలం ఇంత నున్నగా ఉన్నది కదా, ఇంకా కొలవడమెందుకు? గడువు దగ్గర పడింది" అంటారు. మావాడు పట్టుబట్టాడు. వాడి మొండితనం ఎక్కడిదో వాళ్ళ అమ్మ చెబుతుంది, నేను చెప్పను. చివరికి నలుగురు పోయి పదిరోజులు కొలిచి వచ్చారు. నింపిన గళ్ళలో చాలామటుకు సరిపోయాయట. ఐదు మాత్రం బొత్తిగా తేడా. ఆ ఐదూ ఒకే మూల ఉన్నవి. పైవారిది పూర్తిగా తప్పనడానికీ లేదు, మావాడిది పూర్తిగా ఒప్పనడానికీ లేదు. నింపిన అంకెలలో ఎక్కువ భాగం నిజంగానే మంచివి. ఏవి మంచివో పోయి చూస్తే గాని తెలియలేదు, అంతే.

ఎప్పుడు బహిర్వేశనం నిలుస్తుంది, ఎప్పుడు కూలుతుంది అని ఆలోచిస్తూ ఉంటే నాకు ఆర్యభటుని జ్యాపట్టిక తలపుకు వచ్చింది. సంస్కృతం చదివే రోజుల్లో మేష్టరొకరు దానిని ప్రత్యేకంగా చెప్పారు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 24 జ్యల మధ్య భేదాలు ఒక్క శ్లోకంలో, అక్షరసంఖ్యలుగా ఇమిడి ఉన్నవి. 225 కళలకొకటి చొప్పున 90 భాగల దాకా ఆ పట్టిక నడుస్తుంది. మొదటి భేదం 225, తరువాత 224, 222, 219. అలా తగ్గుతూ తగ్గుతూ చివరి మూడు 37, 22, 7. అన్నీ కూడితే చివరి జ్య 3438, అంటే వ్యాసార్ధమే.

ఇప్పుడు పట్టిక అయిపోయింది. ఇంకొక్క గడి మనం నింపుదాం. చివరి భేదం 7 కనుక మరొక 7 కలిపితే 3445. వ్యాసార్ధాన్ని మించిన జ్య! వృత్తంలో అది అసంభవం. 90 దాటితే జ్య తగ్గుతుంది, పెరగదు. చివరి అంకెనే పట్టుకుని 3438 దగ్గర నిలిచిపోతే కొంత నయం, అయినా తప్పే. అలాకాక 37, 22, 7 అనే భేదాలను మరికాస్త చూడండి. 37కూ 22కూ మధ్య 15. 22కూ 7కూ మధ్య 15. ఈ రెండో భేదాన్ని గౌరవించి, 7 లోంచి 15 తీస్తే -8. అప్పుడు తరువాతి గడి 3430. నిజమైన విలువ 3431. ఒక్కటే తేడా!

ఆర్యభటునికి వృత్తం తెలుసు కనుక ఆయనకు ఈ పరీక్ష అక్కరలేదు. క్రీ.శ. 665 నాటి ఖండఖాద్యకంలో బ్రహ్మగుప్తుడు ఈ రెండో భేదాన్ని వాడుకునే సూత్రమే చెప్పాడు, గళ్ళ నడుమ విలువలు పట్టడానికి. నాకు తోచినది ఏమిటంటే, ఒకే పట్టికనుంచి, ఒకే అంకెలనుంచి, ముగ్గురు మూడు పద్ధతులలో ముందుకు పోతే ఒకరు 3445కూ, ఒకరు 3438కూ, ఒకరు 3430కూ చేరుతున్నారు. ఎవరిది సరి అన్నది అంకెలు చెప్పవు. వాటి వెనుక ఉన్నది వృత్తమని తెలిసినవాడే చెప్పగలడు. మా వాడు దీన్ని విని "మీరు కేజ్ మాన్యువల్ రాయవచ్చు" అన్నాడు. అది మెప్పో, ఎత్తిపొడుపో అడగలేదు.

ఇంజన్ల సంగతి ఇంతటితో వదిలేసేవాడినే. కాని ఇటువంటి పట్టికే ఒకటి 2021 మే నెలలో మా ఇంటిల్లిపాది ప్రాణాలను తన చుట్టూ తిప్పుకున్నది. అప్పుడు అది పట్టిక అని నాకు తెలియదు.

రెండో కెరటం రోజులు. దేశంలో రోజుకు 4 లక్షలకు పైగా కేసులు. మా తమ్ముడికి జ్వరం వచ్చిన ఆరోనాడు ఆయాసం మొదలైంది. ఇంట్లో ఉన్న ఆక్సీమీటరు, అదే, వేలికి బట్టల క్లిప్పులాగా తగిలించేది, 88 చూపింది. మంచం దొరకడానికి ఒక పగలు పట్టింది. ఆసుపత్రిలో చేరేటప్పటికి 71. రాత్రి పదకొండుకు మరదలు ఫోను చేసి "బావగారూ, 63 అంటోంది" అన్నది. అర్ధరాత్రి 68. ఒంటిగంటకు 64. ఒకటిన్నరకు మళ్ళీ 69. హైదరాబాదులో ఉన్న పిల్లలు, అమెరికాలో ఉన్న మేనల్లుడు, అందరూ ఫోనులో ఆ అంకెల కోసమే. 69 అనగానే అందరికీ ఊపిరి వచ్చింది. "పెరుగుతోంది, ఇప్పుడు కదిలించవద్దు" అని ఒకరు, "ఇంతలోనే వేరే ఆసుపత్రికి మార్చేద్దాం" అని మరొకరు. నిర్ణయాలన్నీ ఆ అంకెల చుట్టూనే.

తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న చిన్నవయసు డాక్టరు ఫోను తీసుకున్నాడు. ఎన్ని రాత్రుల నిద్ర లేదో, గొంతు బొంగురుపోయి ఉన్నది. "మేష్టారూ, డెబ్బై కింద ఆ అంకె చదవకండి. అరవైమూడైనా అరవైతొమ్మిదైనా నాకు ఒకటే. చాలా తక్కువ, అంతే. నేను మనిషిని చూస్తున్నాను, పెదవులు చూస్తున్నాను, ఊపిరి లెక్కపెడుతున్నాను. మీరు కాసేపు పడుకోండి" అన్నాడు. ఆ మాటలలోని సత్యం నాకు అప్పుడు బోధపడలేదు. ఆ అబ్బాయి గొంతులోని స్థిరత్వం మాత్రం తాకింది. తమ్ముడు పదమూడు రోజుల తరువాత ఇంటికి వచ్చాడు. పక్క మంచం మీది పెద్దాయన రాలేదు.

ఆ మాటకు అర్థం ఏడాది తరువాత మా వాడు చెప్పాడు. ఆక్సీమీటరు ఎర్రని కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని వేలిగుండా పంపుతుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా రెండు కాంతులూ ఎంతెంత హెచ్చుతగ్గులవుతున్నవో చూసి, వాటికి ఒక నిష్పత్తి కడుతుంది. 1974లో జపాన్‌లో తకువో అవోయాగి కనిపెట్టిన ఉపాయం ఇది. ఆయన మరేదో కొలవబోతే నాడి కదలిక అడ్డం వచ్చిందట. ఆ అడ్డునే సాధనంగా మార్చుకున్నాడు. ఆయన 2020 ఏప్రిల్‌లో, తన ఉపాయం ఇంటింటికీ చేరబోతున్న సమయంలో, కన్నుమూశాడు.

నిష్పత్తి దొరికింది సరే, దానినుంచి రక్తంలోని ప్రాణవాయువు శాతం ఎలా తెలుస్తుంది? పట్టిక చూసి! తరగతులలో చెప్పే సులభసూత్రం ఒకటి ఉన్నది. నిష్పత్తిని 25తో గుణించి 110 నుంచి తీసివేయడం. నిష్పత్తి 1 అయితే 85 శాతం. తయారీదారులు మాత్రం ఎవరి పట్టిక వారు తయారు చేసుకుంటారు, మనుషులను కొలిచి. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు ప్రాణవాయువు తగ్గించిన గాలి పీల్పించి, అదే సమయంలో ధమనినుంచి రక్తం తీసి పరీక్షించి, నిష్పత్తి పక్కన నిజమైన శాతం రాసుకుంటారు. 100 నుంచి మెల్లగా దింపుతూ 70 దాకా. అక్కడ ఆపుతారు. అంతకన్న దించితే ఆ మనిషికి అపాయం. దించకూడదు. ధర్మం అది.

కనుక 70 దిగువ గళ్ళు ఎవరినీ కొలిచి రాసినవి కావు. పై గళ్ళ వాలును బట్టి సాగదీసి నింపినవి. సులభసూత్రం ప్రకారం నిష్పత్తి 1.6 దాటితే ఇక అంతా చివరి గుంజ దాటిన తాడే. మా తమ్ముడి వేలిమీద ఆ రాత్రి 63, 68, 64, 69 అని ఎర్రని అంకెలు వెలిగాయి. 98 ఎంత స్పష్టంగా వెలుగుతుందో అవీ అంతే స్పష్టంగా వెలిగాయి. తరువాత ఆ పరికరంతో వచ్చిన మడతల కాగితం తీసి, భూతద్దం పెట్టి చదివాను. 70 నుంచి 100 దాకా అయితే రెండు శాతం అటూ ఇటూ అని రాసి ఉన్నది. 69, అంతకన్న తక్కువ అయితే, ఎదుట ఉన్న మాట 'నిర్దేశించలేదు' అని. చీమ తలకాయంత అక్షరాలు.

ఇంతకన్న నన్ను కలవరపెట్టినది మరొకటి ఉన్నది. పట్టిక అంచు దాటి పోయినప్పుడు కనీసం అంచు ఉన్నదని తెలుస్తుంది. అసలు పట్టికలో లేని వరుస సంగతి? ఆ కాంతి చర్మంగుండా పోవాలి, చర్మం అందరిదీ ఒకే ఛాయ కాదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ ప్రచురించారు. ఆక్సీమీటరు 92 నుంచి 96 మధ్య, అంటే ఫరవాలేదన్నట్టు, చూపిస్తూ ఉండగా రక్తపరీక్షలో నిజంగా 88 కన్న తక్కువ ఉన్నవారెందరో లెక్క తీశారు. తెల్లవారి రీడింగులలో 3.6 శాతం, నల్లవారి రీడింగులలో 11.7 శాతం. మూడు రెట్లు! అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2013 మార్గదర్శకాలలో అడిగినది కనీసం పదిమంది వాలంటీర్లు, వారిలో కనీసం ఇద్దరు ముదురు ఛాయ వారు. ఇద్దరు! 2025 జనవరిలో ఆ సంస్థే రకరకాల ఛాయలవారిని ఇంకా ఎక్కువమందిని పరీక్షించాలని కొత్త ముసాయిదా వెలువరించింది. ఇక్కడ ఎవరూ కావాలని ఏ గడీ నింపలేదు. కొలిచినవారి వేళ్ళనుంచి కొలవనివారి వేళ్ళకు పట్టిక దానంతటదే సాగిపోయింది. లేని వరుసను నింపుతున్నామన్న ఎరుక కూడా లేకుండా జరిగిన బహిర్వేశనం ఇది. నా చేతిని వెలుతురులో పెట్టి చూసుకున్నాను. మా వంశంలో తెల్లగా ఉన్నవారు తక్కువ.

పూరించడం పాపమని నేననను. అలా అంటే మన భాగవతంలో సగం ఆనందం పోతుంది. పోతనగారి గ్రంథంలో కొన్ని భాగాలు శిథిలమైతే, నేలలో పాతిపెట్టినందువల్ల అని ఒక కథ, ఐదో స్కంధం గంగన, ఆరో స్కంధం ఏర్చూరి సింగన, పదకొండు పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ పూరించారు. అయితే స్కంధం చివర గద్య చూడండి. ప్రణీతం అంటూ ఎవరి పేరు వారు చెప్పుకున్నారు. చదువరికి ఎక్కడ ఎవరి చేయి ఉన్నదో తెలుస్తుంది. పాఠం దొరకనిచోట మన పాత ముద్రణలలో చుక్కలు పెట్టి 'గ్రంథపాతము' అని వదిలేసేవారు. ఆ చుక్కలు చూసి విద్యార్థులు నవ్వేవారు గాని, వాటిలో ఉన్న నిజాయితీకి నేనెప్పుడూ నమస్కరిస్తాను.

మా వాడి పట్టికకు గద్య లేదు. కేజ్‌లో ఉన్నంతసేపూ ఏరిన గళ్ళు వేరే రంగులో కనబడతాయి. కాని పట్టికను బండిలోని కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఆ రంగు వెంట రాదు. 256 అంకెలు మాత్రమే పోతాయి. కొలిచిన 65, ఊహించిన 65, పక్కపక్కనే కూర్చుంటాయి, కవలల్లాగా. మరో రెండేళ్ళకు ఇంకొక ఇంజనీరు ఆ పట్టికను తీసుకుని కొత్త బండికి మార్పులు చేసేటప్పుడు, నింపిన గళ్ళనే కొలిచినవని నమ్మి, వాటిని ఏరి, వాటినుంచి ఇంకా అవతలికి నింపుతాడు. ప్రక్షిప్తానికి వ్యాఖ్యానం రాసినట్టు! ఈ మాట మా వాడే అన్నాడు, నా ఉపమానం తీసుకుని. వాడి వృత్తిలో భయపడవలసినది ఇదేనట.

ఒప్పుకోదలచని యంత్రాలు కూడా కొన్ని ఉన్నవి. నేను చక్కెర చూసుకునే గ్లూకోమీటరు వంటివి చాలా మటుకు 600 దాటితే అంకె చూపించవు. 'హై' అని రెండక్షరాలు చూపి ఊరుకుంటాయి. 'ఇంతకు మించి నేను చెప్పను, వైద్యుని దగ్గరకు పో' అని అర్థం. మా వాడు వాడే గణిత భాషలలోనూ ఈ రెండు స్వభావాలు ఉన్నవట. ఒకటి పట్టిక అంచు దాటి అడిగితే 'అంకె కాదు' అనే గుర్తు తిరిగి ఇస్తుంది. మరొకటి చివరి అంకెనే పట్టుకుని, ఏమీ జరగనట్టు, అదే ఇస్తుంది. మొదటిదానితో పని ఆగిపోతుంది, చిరాకు వస్తుంది. రెండోదానితో హాయిగా సాగిపోతుంది. ఎక్కువమందికి రెండోదే ఇష్టమని వేరే చెప్పాలా? అయినా మొదటిదాని పక్షమే నాది. బండిలో మాత్రం అలా కుదరదు అంటాడు మా వాడు. కొండమీద మలుపులో ఉండగా ఇంజన్ 'అంకె కాదు' అని నోరు మూసుకుంటే బండిలోవాళ్ళ గతేమిటి? అదీ నిజమే.

అందుకని వాడొక మధ్యేమార్గం పట్టాడు. ప్రతి పట్టికకూ ఒక జంట పట్టిక. అన్నే గళ్ళు. ఒక్కొక్క గడిలో ఒక గుర్తు, అంతే. ఏ గుర్తులు పెట్టాలని నన్నడిగాడు. కొలిచినదానికి 'కొ', చుట్టూ కొలతలు ఉండి నడుమ పూరించినదానికి 'పూ', అంచు దాటి ఊహించినదానికి 'ఊ' పెట్టమన్నాను. వాళ్ళ బృందంలో మరాఠీలు, తమిళులు, ఒక జర్మన్ దొర ఉన్నారు కనుక అది చెల్లలేదు. 1, 2, 3 అని పెట్టుకున్నారు. మొదట్లో అదనపు చాకిరీ అని విసుక్కున్నవారు కూడా ఇప్పుడు మానకుండా రాస్తున్నారట. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె 3 ఉన్న గళ్ళ పక్కన తేదీ, నింపినవారి పేరు కూడా రాయడం మొదలుపెట్టింది.

మొన్న ఆదివారం ఫోను చేసినప్పుడు చెప్పాడు. ఆ పట్టికలో 3 ఉన్న గళ్ళు మొదట 70 పైచిలుకు ఉండేవి, ఇప్పుడు 41 మిగిలాయి. వాటిలో 9 గళ్ళు చలికాలంలో, తెల్లవారకముందు, ఎత్తైన చోట మాత్రమే దొరుకుతాయి. జనవరిలో మళ్ళీ లడఖ్ పోతున్నారు. వాళ్ళ అమ్మ ఉన్ని టోపీ అల్లుతున్నది.